రెండో ప్లేట్ ఎందుకు నెమ్మదించింది? (గుండె కణాల ప్రాజెక్టు డైరీ)

1వ వారం, సోమవారం

లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు మూత తీసి, ఆ తెల్లటి పొగలో ర్యాక్ పైకి లాగి, రెండు వయల్స్ బయటికి తీశాను. ఒకదాని మీద "పీ4" అని ఉంది, రెండో దాని మీద "పీ4-సరి". ఇవాళ్టి నుంచి ఈ రెండూ నా బాధ్యత.

పీ4 అంటే ఒక రోగి రక్తకణాల నుంచి తయారుచేసిన మూలకణాలు. ఆ రోగి ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. సమ్మతి పత్రం ఎక్కడో భద్రంగా ఉంటుంది, మా దాకా వచ్చేది కోడ్ నంబరు ఒక్కటే. పీ4-సరి కూడా అవే కణాలు. కాకపోతే వాటిలో తప్పుగా ఉన్న ఒకే ఒక్క జన్యు అక్షరాన్ని, జన్యువులను కోరిన చోట మార్చే పనిముట్టైన క్రిస్పర్‌తో సరిచేశారు. మిగతా జన్యువులన్నీ అచ్చంగా ఒకటే. జబ్బున్న కణం, లేని కణం పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. ఏ తేడా కనిపించినా అది ఆ ఒక్క అక్షరం వల్లే అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. (ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనికి నేను బాగానే సిగ్గుపడ్డాను.)

జబ్బు పేరు లాంగ్ క్యూటీ సిండ్రోమ్, అందులో రెండో రకం. ఈసీజీలో క్యూ దగ్గర మొదలై టీ అల చివరి దాకా ఉండే వ్యవధి క్యూటీ. గుండె కింది గదుల కండరం విద్యుత్తుతో ఉత్తేజితమై, మళ్లీ మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం అది. ఆ సమయం సాగితే, కండరం పూర్తిగా కుదుటపడక ముందే ఇంకో స్పందన పుట్టి లయ తప్పే ప్రమాదం ఉంది. లయ తప్పితే స్పృహ పోవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

రెండో రకంలో పాడయ్యేది కేసీఎన్‌హెచ్2 అనే జన్యువు. కణంలోంచి పొటాషియం బయటికి పోవడానికి అది తయారుచేసే ద్వారాన్ని హెర్గ్ అంటారు. ఈ పేరు వెనక ఒక తమాషా ఉంది. ఇలాంటి జన్యువునే మొదట పండు ఈగల్లో చూశారు. అది పాడైన ఈగలకు ఈథర్ మత్తు ఇస్తే కాళ్లు టకటకా ఆడించేవట. అప్పట్లో క్లబ్బుల్లో గో-గో డాన్సులు జోరుగా నడుస్తున్నాయి కాబట్టి దానికి "ఈథర్-ఆ-గో-గో" అని పేరు పెట్టేశారు. మనిషి ప్రాణం మీదికి తెచ్చే జన్యువుకు ఈగల డాన్సు పేరు మిగిలింది.

వయల్‌ని 37 డిగ్రీల నీళ్లలో తిప్పుతూ, లోపల ఇంకా చిన్న మంచు బిళ్ల ఉండగానే తీసేయాలి. గడ్డకట్టేటప్పుడు కాపాడిన డీఎంఎస్‌ఓ, కరిగాక కణాలకు పడదు. అందుకని మీడియా (కణాలకు ఆహారంగా పోసే ద్రవం) చుక్కచుక్కగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, డీఎంఎస్‌ఓ ఉన్న నీళ్లు తీసేశాను. ప్లేట్‌లో వేసేటప్పుడు రాక్ ఇన్హిబిటర్ 10 మైక్రోమోలార్ కలిపాను. మనిషి మూలకణాలకు ఒంటరితనం అస్సలు పడదు. పక్క కణంతో పట్టు తప్పితే తమను తామే చంపుకుంటాయి. ఆ మందు ఒక్క రోజు వాటిని ఆపగలుగుతుంది. ఆ లోపు ప్లేట్‌కి అతుక్కోవాలి.

1వ వారం, బుధవారం

పీ4 అతుక్కుంది. పీ4-సరి సగం తేలుతోంది.

తప్పు నాదే. ప్లేట్ అడుగున పూసే మ్యాట్రిజెల్ చల్లగా ఉన్నంతసేపే ద్రవంగా ఉంటుంది. కాస్త వెచ్చబడితే చాలు, పేరుకుపోతుంది. సీసా ఐస్‌లోనే పెట్టాను గానీ పిపెట్ టిప్పులు బయట ఉన్నవే వాడాను. మైక్రోస్కోప్ కింద చూస్తే ఒకచోట ముద్ద, ఒకచోట ఖాళీ. ముద్ద ఉన్నచోట కణాలు, ఖాళీ ఉన్నచోట శవాలు. ఇంకో వయల్ తీశాను. ఈసారి టిప్పుల డబ్బాను కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

2వ వారం

రోజూ మీడియా మార్చాలి. ఆదివారం కూడా. మూలకణాలు ఆకలికి ఆగవు. ఒక్క రోజు వదిలేసినా మీడియా పసుపు రంగుకు తిరుగుతుంది, కాలనీల అంచుల్లో కణాలు చదునుగా పరుచుకుని తమ ఇష్టం వచ్చిన రూపానికి మారిపోతాయి. అలా మారినవాటిని మైక్రోస్కోప్ కింద చూస్తూ సన్నటి టిప్పుతో గీకి తీసేయాలి. పొలంలో కలుపు తీసినట్టే, కాకపోతే పొలం ఇక్కడ అరచేయంత.

కాలనీలు ఇప్పుడు బాగున్నాయి. అంచు నున్నగా, లోపల కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని, కేంద్రకాలు పెద్దవిగా కనిపిస్తున్నాయి. కణాల్లో దొంగచాటుగా పెరిగే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా టెస్టు నెగెటివ్. క్రోమోజోముల పరీక్షకు రెండు లైన్ల (పీ4, పీ4-సరి) నుంచీ శాంపిల్ పంపాను. 20వ క్రోమోజోములో ఒక ముక్క రెట్టింపయ్యే అలవాటు ఈ కణాలకు ఉంది. ఆ ముక్క ఎక్కువైన కణం చావడానికి మొండికేస్తుంది, మిగతావాటిని తోసేసి ప్లేటంతా ఆక్రమిస్తుంది. చూడ్డానికి మాత్రం ఎంతో ఆరోగ్యంగా ఉంటుంది. అసలు టెన్షన్ అక్కడే. బాగా పెరుగుతోందని సంతోషించాలో, అనుమానించాలో తెలియదు.

కొత్తగా చేరిన జూనియర్ అడిగింది, "అక్కా, రోగి గుండె నుంచే నాలుగు కణాలు తీసుకుంటే సరిపోదా? ఈ తిప్పలన్నీ ఎందుకు?"

బతికున్న మనిషి గుండె నుంచి ముక్క తీయడం తేలికైన పని కాదు. తీసినా, పెద్దవాళ్ల గుండె కణాలు డిష్‌లో పెరగవు. విభజన దాదాపు ఆపేసిన కణాలవి. ఎంత ఆపేశాయో 2009లో స్వీడన్‌లో కొలిచారు. 1950లలో, 1960ల మొదట్లో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఎంత ఉందో అంత దాని డీఎన్‌ఏలో నిలిచిపోతుంది. దాన్ని బట్టి లెక్కేస్తే 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం గుండె కండర కణాలు కొత్తగా వస్తాయి, 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. బాంబుల మసిలోంచి గుండె వయసు చదవడమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అందుకే ఈ దొడ్డిదారి. 2006లో షిన్యా యమనాక, కజుతోషి తకహషి ఎలుక చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని మూలకణాలుగా మార్చారు. 2007లో మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. పూర్తిగా ఎదిగిన కణం కూడా వెనక్కి వెళ్లగలదని 1962లోనే కప్పల మీద చూపించిన జాన్ గర్డన్‌తో కలిపి యమనాకకు 2012లో నోబెల్ వచ్చింది. రక్తకణాన్ని వెనక్కి నడిపించి మూలకణం చేయడం ఒక మెట్టు. దాన్ని మళ్లీ ముందుకు నడిపించి గుండె కణం చేయడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు ఎవరో ఎక్కి నాకు వయల్‌లో పెట్టి ఇచ్చారు. రెండోది నేను ఎక్కాలి.

3వ వారం

మొదటి బ్యాచ్ పోయింది.

ఇక్కడి నుంచి రెండు లెక్కలు నడుస్తాయి. ప్రాజెక్టు వారాలు నావి, డిఫరెన్షియేషన్ (మూలకణం గుండె కణంగా మారే) రోజులు కణాలవి. సున్నా రోజున చిర్ ఇవ్వాలి. దాని అసలు పేరు ఒక పొడవాటి కోడ్, ల్యాబ్‌లో అందరూ చిర్ అనే అంటారు. అది కణంలో వింట్ అనే సంకేతాన్ని రగిలిస్తుంది. పిండంలో ఈ సంకేతం అందిన కణాలు మధ్య పొర అవుతాయి. గుండె, రక్తం, కండరాలు ఆ పొర నుంచే వస్తాయి. సరిగ్గా మూడో రోజున ఐడబ్ల్యూపీ2 ఇచ్చి అదే వింట్‌ని ఆర్పేయాలి. ఆర్పకపోతే గుండె రాదు. మొదట గుండె దారి చూపించినదే, మూడు రోజులు దాటాక ఆ దారికి అడ్డం పడుతుంది. 2012లో ప్రచురితమైన ఈ పద్ధతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు చిన్న రసాయనాలే. చదివితే పిల్లాటలా ఉంటుంది.

నేను చిర్ 12 మైక్రోమోలార్ ఇచ్చాను. మర్నాటికి ప్లేటంతా తెల్లటి చెత్త. కొంత చావు మామూలే అన్నారు సీనియర్లు. రెండో రోజుకి ఆ కొంత కూడా మిగల్లేదు.

4వ వారం

రెండో బ్యాచ్‌లో 6 మైక్రోమోలార్ ఇచ్చాను. ఒక్కటీ చావలేదు, ఒక్కటీ కొట్టుకోలేదు. పన్నెండో రోజున కూడా ప్లేట్ నిండా బద్ధకంగా పడుకున్న, దేనికీ చెందని కణాలు.

5వ వారం

మూడో బ్యాచ్. చిర్ 8. అంతా సవ్యంగా నడుస్తోందనుకున్న ఐదో రోజు, ఫ్రిజ్ ముందు నిలబడి చేతిలో సీసా చూసుకుని గుండె జారిపోయింది. మీడియాలో కలిపే బీ27 అనే పోషకాల మిశ్రమం రెండు రకాలు వస్తుంది, ఇన్సులిన్ ఉన్నది, లేనిది. మొదటి వారం లేనిదే వాడాలి, ఎందుకంటే ఆ తొలి రోజుల్లో ఇన్సులిన్ గుండె వైపు వెళ్లే దారిని అడ్డుకుంటుంది. ఏడో రోజు నుంచి ఉన్నది వాడొచ్చు. రెండు సీసాలూ ఒకే సైజు, మూతలు ఒకే రంగు, లేబుల్ మీద ఒక్క మాట తేడా. నేను మొదటి రోజు నుంచీ ఉన్నదే పోస్తూ వచ్చాను.

ఇప్పుడు ఒక సీసా మూతకి ఎర్ర టేపు, ఇంకోదానికి నీలం టేపు. ముందే వేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

6వ వారం

డోసు సంగతి కాసేపు పక్కన పెట్టమని మేడమ్ చెప్పారు. "సున్నా రోజున వెల్‌కి ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టావా, లేక కంటికి నిండుగా కనిపించాయని మొదలుపెట్టావా?"

కంటికే. (వెల్ అంటే ప్లేట్‌లో ఒక్కో గుంట.)

ఈ పద్ధతిలో అసలు కీలకం అదేనని ఇప్పుడు అర్థమైంది. కణాలు పల్చగా ఉన్నప్పుడు చిర్ ఇస్తే విషంలా పనిచేస్తుంది, మరీ కిక్కిరిసి ఉంటే అదే డోసు వాటికి ఆనదు. అంటే నా మొదటి రెండు బ్యాచ్‌లు డోసు గురించి నాకు ఏమీ చెప్పలేదు. ఒక బ్యాచ్‌ని మంగళవారం, ఇంకో బ్యాచ్‌ని గురువారం మొదలుపెట్టాను, మధ్యలో కణాలు రెండింతలయ్యాయి. నేను డోసు మార్చాననుకున్నాను. నిజానికి రెండూ మారిపోయాయి.

ఈసారి 12 వెల్స్ ప్లేట్‌లో అడ్డంగా మూడు రకాల సంఖ్యలు (వెల్‌కి 4, 6, 8 లక్షలు), నిలువుగా నాలుగు డోసులు పెట్టాను. రెండు లైన్లకూ విడివిడిగా. చేత్తో లెక్కపెట్టడానికే సాయంత్రం మొత్తం పట్టింది.

7వ వారం, శనివారం

కొట్టుకుంటోంది!

తొమ్మిదో రోజు. మీడియా మార్చుదామని ప్లేట్ తీసి, అలవాటుగా మైక్రోస్కోప్ కింద పెట్టాను. మొదట నా చెయ్యి వణికిందనుకున్నాను. చేతులు రెండూ టేబుల్ మీదే ఉన్నాయి. వెల్ మూలన చిన్న తునక ముడుచుకుంటోంది, వదులుతోంది. మళ్లీ ముడుచుకుంటోంది. నిమిషానికి 38 సార్లు. ఎవరూ వాటికి చెప్పలేదు, నరం లేదు, రక్తం లేదు, ఒక్కో కణం పక్కదానికి అందిస్తూ ఆ అల ఆ మూల నుంచి ఈ మూలకి పోతోంది.

పిండంలో గుండె మొదటిసారి కొట్టుకునేది సుమారు 22వ రోజున. అప్పటికి అది గుండె ఆకారంలో కూడా ఉండదు, చిన్న గొట్టం అంతే. ఆ గంటని బయటి నుంచి ఎవరూ చూడరు. నేను చూస్తున్నది దానికి దూరపు చుట్టం లాంటిదే అయినా ఫోన్‌లో వీడియో తీసి తెలిసినవాళ్లందరికీ పంపేశాను. ఇంటి నుంచి వచ్చిన జవాబు, "బాగుంది, భోంచేశావా?"

6 లక్షలు, 8 మైక్రోమోలార్ ఉన్న వెల్ పీ4-సరిలో బాగా పనిచేసింది. పీ4కి 8 లక్షలు కావాల్సి వచ్చింది. ఒకే జన్యువుల జతే అయినా, ఒకే వంటకం రెండింటికీ సరిపోలేదు. దీన్ని అప్పుడే ఒక హెచ్చరికగా తీసుకుని ఉండాల్సింది.

8వ వారం

కొట్టుకునే ప్లేట్‌లో అన్నీ గుండె కణాలే అనుకోకూడదు. గుండె కండరంలో ఉండే ట్రోపోనిన్-టీ అనే ప్రొటీన్‌కి రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో చూస్తే పీ4-సరిలో 71 శాతం, పీ4లో 58 శాతం. మిగతావి ఫైబ్రోబ్లాస్టుల్లాంటివి, అంటే కణజాలాన్ని పట్టి ఉంచే కణాల్లాంటివి. వీటిని ఏరేయడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. గ్లూకోజ్ పూర్తిగా తీసేసి, బదులుగా లాక్టేట్ ఇవ్వాలి. గుండె కణాలు లాక్టేట్‌ని ఇంధనంగా వాడుకుని బతుకుతాయి, మిగతావి చాలావరకు చచ్చిపోతాయి. నాలుగు రోజుల తర్వాత 93, 90.

లాక్టేట్ రోజుల్లో కొట్టుకోవడం బాగా తగ్గిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. గ్లూకోజ్ తిరిగి ఇచ్చిన మర్నాడే మళ్లీ అందుకుంటాయి.

9వ వారం

ఎలక్ట్రోడ్లున్న ప్లేట్‌లోకి మార్చాను. ఒక్కో వెల్ అడుగున 16 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. పైన కణాల పొర కొట్టుకుంటుంటే ప్రతి స్పందనా తెరమీద గీతగా కనిపిస్తుంది, మొదట నిటారుగా ఒక ముల్లు, కాసేపటికి మెల్లటి గుట్ట. ముల్లు నుంచి గుట్ట దాకా ఉన్న వ్యవధి మన క్యూటీకి డిష్‌లో ఉన్న ప్రతినిధి. ఇక చేయాల్సింది అతుక్కునే దాకా ఆగడమే. ఐదు రోజులు.

10వ వారం, మంగళవారం

పీ4-సరి సగటు 395 మిల్లీసెకన్లు. పీ4 సగటు 526.

131 మిల్లీసెకన్ల తేడా! గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రింట్ తీసి గోడకి అంటించాను. రోగి కణాలతో లాంగ్ క్యూటీని డిష్‌లో మొదట చూపించింది 2010లో, మొదటి రకానికి. రెండో రకానికి 2011లో. కాబట్టి ఈ దారిలో నడిచింది నేనే మొదటిదాన్ని కాదు, కానీ ఈ మ్యుటేషన్‌తో (జన్యు మార్పుతో) ఇంత స్పష్టంగా వచ్చిందంటే... రాత్రి నిద్ర పట్టలేదు.

10వ వారం, గురువారం

మేడమ్ ప్రింట్‌ని చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను.

"పీ4 నిమిషానికి 27 సార్లే కొట్టుకుంటోంది. సరిచేసింది 41. ఎందుకు?"

లయ నెమ్మదిస్తే వ్యవధి సాగుతుంది కదా మేడమ్, దాన్ని ఫ్రిడెరిసియా సూత్రంతో సరిచేశాను, అప్పటికీ తేడా ఉంది అన్నాను. బాజెట్, ఫ్రిడెరిసియా ఇద్దరూ 1920లో ఇచ్చిన సూత్రాలే ఈ రోజుకీ ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి.

"సూత్రం సంగతి సరే. నెమ్మదించడం ఎందుకు అని అడుగుతున్నా. హెర్గ్ పాడైతే వ్యవధి సాగాలి. లయ ఇంత పడిపోవాల్సిన పని లేదు. ఏ ప్లేట్ ముందు చూశావ్?"

పీ4-సరి ముందు. ఎప్పుడూ అదే ముందు. ఏ రోజు చూసినా.

"మరి రెండో ప్లేట్ అంతసేపూ ఎక్కడుంది?"

చెప్పడానికి నోరు రాలేదు. టైమ్ కలిసొస్తుందని రెండు ప్లేట్లూ ఒకేసారి ఇంక్యుబేటర్ నుంచి తీసి, రెండింటికీ మీడియా మార్చి, ఒకటి మెషీన్‌లో పెట్టేదాన్ని. రెండోది హుడ్‌లో (శుభ్రమైన గాలి వీచే పని బల్ల), మూత వేసి, గది చల్లదనంలో ముప్పావుగంట కూర్చునేది. తర్వాత మెషీన్‌లో పెట్టి ఐదు నిమిషాలకే రికార్డింగ్ మొదలు. మెషీన్ 37 డిగ్రీలు చూపించేది నిజమే. అది హీటర్ వేడి, మీడియాది కాదు.

చల్లబడిన గుండె కణం నెమ్మదిగా కొట్టుకుంటుంది, దాని పునరుద్ధరణ కూడా సాగుతుంది. అదీగాక కార్బన్ డయాక్సైడ్ లేని గాలిలో మీడియా పీహెచ్ పెరుగుతుంది. జన్యువుల్లో ఒక్క అక్షరం తప్ప అన్నీ సమానంగా ఉన్న జతని తెచ్చి, బల్ల మీద మాత్రం వాటిని సమానంగా ఉంచలేదు. మొదటి పేజీలో నేను పెద్ద అక్షరాలతో రాసుకున్న వాక్యం కింద ఇవాళ ఎర్ర గీత గీశాను.

10వ వారం, శనివారం

అనుమానం ఒక్కటే చాలదు, చూడాలి. రెండు ప్లేట్లలోనూ పీ4-సరి కణాలే వేసి ఉన్నవి తీసుకున్నాను. ఒక్క మ్యుటేషన్ కూడా లేదు. సరిగ్గా నా పాత పద్ధతిలోనే, ఒకటి ముందు, ఒకటి తర్వాత చూశాను.

ముందుది 401. తర్వాతది 474.

జబ్బే లేని కణాలకి 73 మిల్లీసెకన్ల జబ్బు పట్టించాను, ఊరికే బల్ల మీద కూర్చోబెట్టి. గోడ మీద ప్రింట్ తీసేశాను. చింపలేదు, డైరీ వెనక పేజీలో అంటించాను.

11వ వారం

కొత్త పద్ధతి. ప్లేట్ ఒక్కటే, అందులో రెండు రకాల కణాలూ చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి. అంచు వెల్స్‌లో కణాలు వేయను, అక్కడ నీరు ఎక్కువగా ఆవిరై ఉప్పు గాఢత మారుతుంది కాబట్టి ఉత్త బఫర్ పోస్తాను. మెషీన్‌లోకి గ్యాస్ గొట్టం కలిపాం. మీడియా మార్చింది ముందురోజు. పెట్టాక 20 నిమిషాలు ఆగి, లయ పది నిమిషాలపాటు నిలకడగా ఉంటేనే రికార్డింగ్.

ఇంకోటి, ఏ గడిలో ఏ కణముందో నాకు తెలియదు. జూనియర్ వేసి, మ్యాప్ కవర్లో పెట్టి సీల్ చేసింది. గీత మీద గుట్ట ఎక్కడ ముగిసిందో గుర్తించేది మనిషి కన్నే కదా, పీ4 అని తెలిస్తే నా కన్ను కాస్త కుడివైపుకి జరుగుతుంది. జరగదని నేను ఒట్టేసి చెప్పలేను.

12వ వారం

కవరు తెరిచాం.

పీ4-సరి 398, పీ4 454. తేడా 56. లయ రెండింటిలోనూ దాదాపు ఒకటే, 40, 39.

131 నుంచి 56కి పడింది. అయినా ఈ 56ని చూస్తే ఆ 131 కంటే ఎక్కువ సంతోషం వేసింది. జూనియర్ మాత్రం "సగం కూడా రాలేదేంటక్కా" అని దిగులుపడింది.

13వ వారం

కొట్టుకున్న బ్యాచ్‌ల లెక్కలో రెండో బ్యాచ్ కణాలతో మళ్లీ చేస్తే తేడా 49. మూడో బ్యాచ్‌తో 14.

ఆ 14 దగ్గర వారం రోజులు ఆగిపోయాను. ప్లేట్ ఒకటే, పద్ధతి ఒకటే. మూడో బ్యాచ్‌లో ట్రోపోనిన్ శాతం కూడా బాగానే ఉంది, 92. చివరికి ఆధారం ఇంకో రంగు వేసి చూస్తే దొరికింది. గుండె కండర కణాలన్నీ ఒకటి కావు. కింది గదులవి, పై గదులవి, లయను నడిపే పేస్‌మేకర్ రకం, మూడూ ట్రోపోనిన్‌తో మెరుస్తాయి. కింది గదుల కణాలు ఎక్కువగా తయారుచేసే ఎంఎల్‌సీ2వీ అనే ప్రొటీన్‌కి రంగు వేస్తే, మూడో బ్యాచ్ పీ4లో అది మిగతా బ్యాచ్‌ల కంటే బాగా తక్కువ. పై గదుల కణాల స్పందన సహజంగానే పొట్టిగా ఉంటుంది, అది సగటుని కిందికి లాగుతుంది. కారణం ఇదేనని తేల్చడానికి ఒక్క బ్యాచ్ చాలదు. అందుకని ఆ 14ని పట్టికలోంచి తీసేయలేదు, మూడో వరుసలో అలాగే ఉంది. ఇకపై ప్రతి బ్యాచ్‌కీ ముందే రెండు రంగులూ వేసి చూడాలని మాత్రం పద్ధతిలో రాశాను.

14వ వారం

మందు పెట్టాం. ఈ-4031 హెర్గ్ ద్వారాన్ని మూసేసే మందు, పరిశోధనల్లో దీన్ని బాగా వాడతారు. పుట్టుకతో జబ్బు లేనివాళ్లకి కూడా హెర్గ్‌కి అడ్డుపడే మందు ఇస్తే క్యూటీ సాగుతుంది. అలర్జీకి వాడిన టెర్ఫెనడీన్ 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది ఈ కారణంతోనే. సిసాప్రైడ్ 2000లో దాని వెనకే వెళ్లింది. ఇప్పుడు కొత్త మందు ఏదైనా హెర్గ్ పరీక్ష దాటకుండా ముందుకు పోవడం కష్టం.

10 నానోమోలార్ దగ్గర రెండింటిలోనూ వ్యవధి సాగింది, అంతే. 30 దగ్గర పీ4 ఎనిమిది వెల్స్‌లో మూడింట్లో గుట్ట మధ్యలో చిన్న అదనపు ఎత్తు లేచింది. కణం కుదుటపడక ముందే మళ్లీ ఉలిక్కిపడుతోందన్నమాట. పీ4-సరిలో 30 దగ్గర ఒక్కటీ లేదు. 100 దగ్గర రెండింట్లోనూ వచ్చింది. పీ4లో పనిచేసే హెర్గ్ ద్వారాలు ముందే తక్కువ, కాబట్టి ఇంకాస్త మూస్తే చాలు లయ తప్పుతుంది. మామూలు రికార్డింగ్‌లో కనిపించే 49, 56 కంటే ఈ "చేతిలో మిగులు ఎంతుంది" అనే లెక్కే రోగికి ఎక్కువ సంబంధించినదని నాకు అనిపిస్తోంది. ఎనిమిదింట్లో మూడు అంటే పెద్ద సంఖ్యేం కాదు, ఇంకా చేయాలి.

ఈ కణాలు ఎంతవరకు నమ్మదగినవి అన్నది వేరే ప్రశ్న. ఇవి వయసులో పిండం గుండె కణాల్లాంటివి. పెద్దవాళ్ల గుండె కణం ఇటుకలా పొడవుగా ఉంటుంది, లోపలికి సన్నటి గొట్టాలు దిగి ఉంటాయి. మావి గుండ్రంగా, ఆ గొట్టాలు దాదాపు లేకుండా ఉంటాయి. పెద్దవాళ్ల కింది గదుల కణం ఎవరో పిలిస్తే గానీ కొట్టుకోదు, మావి ఎవరూ పిలవకపోయినా కొట్టుకుంటూనే ఉంటాయి. పైగా లాంగ్ క్యూటీ రెండో రకం వాళ్లకి ప్రమాదం తరచుగా వచ్చేది హఠాత్తుగా వినిపించే చప్పుడుతో, అలారం మోగడం, ఫోన్ రింగవడం లాంటివాటితో. ఆ చప్పుడుకి ఉలిక్కిపడే మనిషి డిష్‌లో లేడు. చెవి లేదు, మెదడు లేదు, గుండెకి వార్త మోసుకెళ్లే నరం లేదు. నరాలు విడుదల చేసే రసాయనాన్ని మేమే పిపెట్‌తో పోసి చూడొచ్చు, అది వచ్చే నెల పని.

14వ వారం, ఆదివారం

నాలుగో బ్యాచ్‌కి ఇవాళ రెండో రోజు. సున్నా రోజున కణాలు లెక్కపెట్టాను, పీ4 7.9 లక్షలు, పీ4-సరి 6.1. రేపు ఉదయం తొమ్మిదిన్నరకి ఐడబ్ల్యూపీ2. ఇన్సులిన్ లేని బీ27, నీలం టేపు సీసా, ముందు వరుసలోకి జరిపి పెట్టాను. టిప్పుల డబ్బా ఫ్రిజ్‌లో ఉంది.